మెమరీ కార్డు నుంచి టొరెంట్ దాకా: పాటల పంపకమూ కాపీరైటు చిక్కులూ

అనుమతి లేకుండా సినిమాలను ఇంటర్నెట్‌లో పెట్టే వెబ్‌సైటును నడుపుతున్నాడన్న ఆరోపణపై 2025 నవంబరులో హైదరాబాద్ పోలీసులు ఒకరిని అరెస్టు చేసిన తరువాత, పైరసీ మాట కర్నూలు, అనంతపురం, కడప పట్టణాల్లోని టీ అంగళ్ల దాకా వచ్చింది. అక్కడ తరచుగా వినిపించే ప్రశ్న మాత్రం సినిమాల గురించి కాదు. "అన్నా, నా ఫోన్లో రెండు వేల పాటలుండాయి, నా మీద గూడా కేసు పెడతారా?" అన్నది ఆ ప్రశ్న. "ఏం కాదు పోరా" అని కొట్టిపారేసేవారూ ఉన్నారు, "మూడేళ్ల జైలే" అని బెదరగొట్టేవారూ ఉన్నారు. రెండు జవాబుల్లోనూ కొంత నిజముంది, కొంత తప్పుంది. పాటను దించుకోవడం, స్నేహితునికి ఇవ్వడం, డబ్బు తీసుకుని వచ్చిన వారందరి కార్డుల్లోకి ఎక్కించడం, ముక్కూమొహం తెలియని లక్షలమందికి తెరిచిపెట్టడం అనే నాలుగు వేర్వేరు పనులను కలగలిపి ఒకే పనిగా మాట్లాడుకోవడం వల్ల వచ్చిన గందరగోళమిది. పీర్ టు పీర్ పద్ధతి, అంటే మధ్యలో దుకాణం గానీ గోదాము గానీ లేకుండా ఒక కంప్యూటరు నుంచి మరొక కంప్యూటరుకు నేరుగా ఫైలు వెళ్లే పద్ధతి, సరిగ్గా ఈ నాలుగింటి మధ్యనున్న గీతలనే చెరిపేసింది.

ఒక పాటలో ఎందరి హక్కులు ఉంటాయి

మన దేశపు కాపీరైటు చట్టం 1957 నాటిది. దాని ప్రకారం మనం వినే పాటలో కనీసం మూడు వేర్వేరు రచనలు ఒకదానిపై ఒకటి పేర్చి ఉంటాయి. సాహిత్యం ఒకటి, బాణీ రెండోది, ఆ రెండింటినీ గొంతుతోనూ వాద్యాలతోనూ పట్టి ఉంచిన రికార్డింగు మూడోది. సాహిత్యానికీ బాణీకీ రక్షణ వాటిని సృష్టించినవారి జీవితకాలమూ, ఆపైన 60 ఏళ్లూ ఉంటుంది. రికార్డింగుకు మాత్రం అది విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లే. వీటికి తోడు గాయకులకు ప్రదర్శకుల హక్కు అని వేరే ఉంది. దాని గడువు 50 ఏళ్లు.

మన జిల్లాల నుంచే ఒక ఉదాహరణ తీసుకుంటే ఇది తేలికగా బోధపడుతుంది. రాజంపేట దగ్గరి తాళ్లపాకలో పుట్టిన అన్నమాచార్యుడు 1503లో కన్నుమూశాడు కనుక ఆయన కీర్తనల సాహిత్యం మీద ఎవరికీ కాపీరైటు లేదు. అయితే అనంతపురం జిల్లా రాళ్లపల్లిలో పుట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ఆ కీర్తనల్లో కొన్నింటికి స్వయంగా స్వరాలు కట్టారు. ఆయన 1979లో మరణించారు. కాబట్టి ఆ బాణీలకు రక్షణ 2039 చివరి దాకా ఉంటుంది. అదే బాణీలో ఒక గాయని ఈ ఏడాది పాడి విడుదల చేస్తే ఆ రికార్డింగుకు వచ్చే ఏటి నుంచి కొత్త లెక్క మొదలవుతుంది. ఐదు వందల ఏళ్ల నాటి కీర్తన అయినా, దాని ఎంపీ3 ఫైలు మాత్రం స్వేచ్ఛగా పంచుకోదగినది కాకపోవచ్చు.

సినిమా పాట కథ దీనికి తలకిందులు. తాడిపత్రిలో పుట్టిన కె.వి.రెడ్డి దర్శకత్వం వహించిన 'మాయాబజార్' 1957లో విడుదలైంది. ఆనాటి రికార్డింగుల గడువు 2017తో తీరిపోయింది. పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971 దాకా జీవించారు గనుక సాహిత్యానికి రక్షణ 2031 చివరి వరకూ సాగుతుంది. "పాత పాటలే కదా, వాటికేముంది" అన్న మాట ఒక పొరకు సరిపోతుంది, ఇంకో పొరకు సరిపోదు.

నలభై రెండు ఎంబీల పాట నాలుగు ఎంబీలకు దిగడం

సీడీ మీద పాట సెకనుకు దాదాపు 14 లక్షల 11 వేల బిట్లు తీసుకుంటుంది. నాలుగు నిమిషాల పాట అంటే సుమారు 42 ఎంబీలు. అప్పట్లో ఫోను తీగ మీద నడిచే మోడెం సెకనుకు గరిష్ఠంగా 56 వేల బిట్లు లాగేది. ఆ లెక్కన ఒక్క పాట దిగడానికి గంటా నలభై నిమిషాలు పడుతుంది. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ పరిశోధకులు ప్రధాన పాత్ర వహించి రూపొందించిన ఎంపీ3 పద్ధతి, మనిషి చెవి ఎలాగూ పట్టించుకోని ధ్వనులను వదిలేసి, అదే పాటను సెకనుకు 1 లక్షా 28 వేల బిట్లకు తెచ్చింది. ఫైలు నాలుగు ఎంబీల లోపుకు, దించుకునే సమయం తొమ్మిది నిమిషాలకు దిగాయి. 700 ఎంబీల సీడీలో ఇరవై పాటల బదులు నూట డెబ్భై పట్టడం మొదలైంది.

ఈ లెక్కను ఇంత వివరంగా చెప్పడానికి కారణముంది. అనంతపురం వంటి ఊళ్లలో పీర్ టు పీర్ ప్రభావం ఇళ్లలోకి నేరుగా రాలేదు. ఇంట్లో కంప్యూటరూ ఇంటర్నెట్టూ ఉన్నవారు బహు కొద్దిమంది. నెట్ సెంటరులో ఒకరు రాత్రంతా దించి పెట్టుకున్నవి తెల్లవారి సీడీల్లోకి ఎక్కేవి. ఆ సీడీ కాపీలు నూటయాభై పాటల మూటలుగా ఫుట్‌పాత్ మీదికి వచ్చేవి. తరువాతి కాలంలో అవే సెల్ అంగళ్ల కంప్యూటర్లలో చేరి, ఇరవైకో ముప్పైకో మెమరీ కార్డుల్లోకి వెళ్లేవి. ఇంజనీరింగ్ కాలేజీల హాస్టళ్లలో డీసీ ప్లస్ ప్లస్ అనే సాఫ్ట్‌వేరుతో గదిగదికీ కలిపిన తీగల మీద ఫైళ్లు తిరిగాయి. అసలు పీర్ టు పీర్ వాడినవాడు వీధికి ఒక్కడైతే, దాని ఫలితాన్ని విన్నవారు ఊరంతా.

సర్వర్ ఉన్నప్పుడు, సర్వర్ లేనప్పుడు

1999 జూన్‌లో షాన్ ఫానింగ్ అనే అమెరికా కుర్రవాడు నాప్‌స్టర్ అనే పాటల పంపక సాఫ్ట్‌వేరును విడుదల చేశాడు. అందులో పాటలేవీ నాప్‌స్టర్ కంపెనీ దగ్గర ఉండేవి కావు. ఏ పాట ఎవరి కంప్యూటరులో ఉందో చెప్పే పట్టిక మాత్రమే దాని సర్వర్లలో, అంటే కంపెనీ సొంత కంప్యూటర్లలో, ఉండేది. ఆ ఏడాది డిసెంబరులోనే రికార్డింగు కంపెనీలు దావా వేశాయి. "మా దగ్గర పాటే లేనప్పుడు మాది తప్పెలా అవుతుంది?" అన్నది నాప్‌స్టర్ వాదన. దానికి ఆధారంగా చూపింది 1984 నాటి ఒక తీర్పు: టీవీ కార్యక్రమాలను టేపు మీదికి ఎక్కించే వీసీఆర్ యంత్రాన్ని అక్రమంగా వాడేవారు ఉన్నా, సక్రమ ఉపయోగాలు గణనీయంగా ఉన్నందున దాన్ని తయారుచేసిన సోనీ బాధ్యురాలు కాదని అమెరికా సుప్రీంకోర్టు అప్పట్లో చెప్పింది. అయితే యంత్రం అమ్మేశాక సోనీకి దాని మీద పట్టు లేదు, నాప్‌స్టర్‌కు మాత్రం రోజూ పట్టిక చేతిలోనే ఉంది. ఈ తేడాను పట్టుకుని 2001 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు కంపెనీలకు అనుకూలంగా తీర్పు చెప్పింది. జూలైకల్లా నాప్‌స్టర్ మూతపడింది.

తరువాత వచ్చినవారు పాఠం నేర్చుకున్నారు, కంపెనీలు కోరుకున్న పాఠం కాదు గానీ. పట్టిక ఉండడమే ప్రమాదమైతే పట్టికనే తీసేద్దామన్నారు. నుటెల్లా, కజా వంటివి అలా పుట్టాయి. బ్రామ్ కోహెన్ 2001లో తెచ్చిన బిట్‌టొరెంట్ (వాడుకలో టొరెంట్) ఇంకో అడుగు ముందుకు వేసింది. పరీక్షల ముందు హాస్టలులో ఉన్న ఒక్క నోటుపుస్తకాన్ని కాగితాలుగా విడదీసి, ఎవరి చేతిలో ఉన్న కాగితాన్ని వారు పక్కవాడికి జిరాక్సుకిస్తూ, మిగతావి తాము తెచ్చుకుంటూ పోయినట్టుగా అందులో ఫైలు ముక్కలుగా తిరుగుతుంది. తీసుకునేవాడు తీసుకుంటున్న క్షణంలోనే ఇచ్చేవాడు కూడా అవుతాడు. ఇది వినియోగదారుడు విడిగా తీసుకునే నిర్ణయం కాదు, ఆ పద్ధతి పనిచేసే తీరే అంత. చట్టం దృష్టిలో దీని పర్యవసానం ఎంత పెద్దదో కింద చూస్తాం.

2005 జూన్‌లో గ్రోక్‌స్టర్ అనే ఫైళ్ల పంపక సాఫ్ట్‌వేరు కంపెనీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తులందరూ ఏకాభిప్రాయంతో ఒక కొత్త కొలబద్దను పెట్టారు. సాఫ్ట్‌వేరుకు సక్రమ ఉపయోగం ఉన్నా సరే, ఉల్లంఘించమని ప్రోత్సహిస్తూ దాన్ని ప్రచారం చేసినవారు బాధ్యులే అన్నది దాని సారం. అంటే తప్పు సాధనంలో ఉందా అన్న ప్రశ్న కాస్తా, ఇచ్చినవారి ఉద్దేశం ఏమిటన్న ప్రశ్నగా మారింది. బిట్‌టొరెంట్ సాఫ్ట్‌వేరు నేటికీ అనేక చోట్ల సక్రమంగానే వాడుకలో ఉండడానికీ, టొరెంట్ ఫైళ్ల జాడ చూపే పైరేట్ బే వెబ్‌సైటు నిర్వాహకులకు 2009లో స్వీడన్ కోర్టు జైలుశిక్ష వేయడానికీ మధ్య వైరుధ్యం కనబడకపోవడానికి ఇదే కారణం.

ఇరవై నాలుగు పాటలకు రెండు లక్షల డాలర్లు

సాఫ్ట్‌వేరు కంపెనీలను మూయించినా ఫలితం లేకపోయేసరికి అమెరికా రికార్డింగు కంపెనీల సంఘం 2003 సెప్టెంబరు నుంచి మామూలు మనుషుల మీద పడింది. విద్యార్థులు, వృద్ధులు, గృహిణులు కలిపి వేల సంఖ్యలో దావాలు ఎదుర్కొన్నారు. చాలామంది కొన్ని వేల డాలర్లు కట్టి రాజీపడ్డారు. రాజీపడని మిన్నెసోటా మహిళ ఒకామెకు 24 పాటల పంపకానికిగాను చివరకు ఖరారైన మొత్తం 2,22,000 డాలర్లు. పాటకు 9,250 డాలర్లన్నమాట. దుకాణంలో ఆ పాట అప్పట్లో ఒక డాలరుకు వచ్చేది.

ఈ లెక్క ఎలా వచ్చింది? అసలు నష్టం ఎంతో రుజువు చేయనక్కరలేకుండా, ఒక్కో రచనకు 750 నుంచి 30,000 డాలర్ల దాకా, బుద్ధిపూర్వకమైతే 1,50,000 దాకా విధించడానికి అమెరికా చట్టం అనుమతిస్తుంది. భారత చట్టంలో ఇలాంటి ముందే కట్టిన రేటు లేదు. పరిహారం కోరేవారు నష్టాన్ని చూపించాలి. అందుకే, అమెరికా వార్తలు చదివి ఇక్కడ కోట్ల జరిమానాలు పడతాయని బెదరడంలో అర్థం లేదు. సంఘమే 2008 చివరలో ఈ దావాల పద్ధతిని మానుకుంది. నా అంచనాలో, కోర్టులో గెలిచి జనంలో ఓడిపోయిన కేసులకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

మన చట్టం దేన్ని నేరమంటుంది

టీ అంగడి ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. సెక్షన్ 52 సొంత వాడకం కోసం చేసే న్యాయమైన వినియోగాన్ని ఉల్లంఘన కాదంటుంది. ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది: 2012 సవరణకు ముందు ఈ మినహాయింపు సాహిత్యం, సంగీతం, నాటకం, చిత్రకళల వరకే ఉండేది, రికార్డింగులూ సినిమాలూ అందులో లేవు. సవరణ తరువాత కంప్యూటరు ప్రోగ్రాములు తప్ప అన్ని రచనలూ దాని కిందికి వచ్చాయి. కనుక డబ్బు పెట్టి కొన్న సీడీలోని పాటను సొంత ఫోనులోకి ఎక్కించుకున్నవాడు ఈ మినహాయింపు నీడలో నిలబడగలడు. పైరసీ సైటు నుంచి దించుకున్నవాడు కూడా నిలబడగలడా అన్నది వేరే సంగతి. సొంత వాడకమన్న మాట అతనికి అనుకూలం, న్యాయమైన వినియోగమన్న మాట ప్రతికూలం.

ఇవ్వడం దగ్గరికి వస్తే పరిస్థితి మారుతుంది. ప్రజలకు అందుబాటులో ఉంచడాన్ని చట్టం నిర్వచిస్తూ, ఎవరైనా వాస్తవంగా విన్నారా లేదా అన్నదానితో నిమిత్తం లేదని స్పష్టంగా చెప్పింది. బ్లూటూత్‌లో ఒక స్నేహితునికి పాట పంపినవాడు కాపీ చేసిన మాట నిజమే గాని ప్రజలకు తెరిచిపెట్టాడని అనడం కష్టం. టొరెంట్‌లో దించుకున్నవాడు, తాను ఒక్కడికే కావాలనుకున్నా, దించుకుంటున్నంత సేపూ ఆ ముక్కలను అడిగినవారందరికీ ఇస్తూనే ఉంటాడు. "నేను విన్నాను గాని పంచలేదు" అన్న వాదన బ్లూటూత్‌కు కుదిరినంతగా టొరెంట్‌కు కుదరదు.

ఇక ముప్పై రూపాయలకు కార్డు నింపే అంగడి. అక్కడ వ్యాపారం ఉంది, లాభం ఉంది. తెలిసి ఉల్లంఘించినవారికి సెక్షన్ 63 ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా చెబుతుంది. లాభాపేక్ష లేదని తేలితే, ప్రత్యేక కారణాలు రాసి కోర్టు శిక్షను ఆ కనిష్ఠానికంటే తగ్గించవచ్చు. ఇది వారంటు లేకుండా అరెస్టు చేయదగిన, బెయిలు హక్కుగా దొరకని నేరమని సుప్రీంకోర్టు 2022 మేలో తేల్చింది. "మూడేళ్ల జైలే" అన్నవారు చట్టాన్ని సరిగానే చదివారు, కానీ దాన్ని తీసుకున్నవాడికీ అమ్మినవాడికీ ఒకే విధంగా అంటించారు.

కోర్టులు ఎక్కువగా ఎంచుకున్న దారి మరొకటి. 2012లో కలకత్తా హైకోర్టు ఉత్తర్వులతో వందకు పైగా పాటల సైట్లను ఇంటర్నెట్ కంపెనీలు ఆపవలసి వచ్చింది. ఆపిన సైటు పేరులో ఒక అక్షరం మార్చుకుని మర్నాడే తిరిగి రావడం చూశాక, 2019 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు అలాంటి మారుపేర్ల సైట్లను కూడా ప్రతిసారీ కొత్త దావా అవసరం లేకుండా జాబితాలో చేర్చుకునే వీలు కల్పించింది. చేతికి చేతికి పాటలు మార్చుకోవడానికి పల్లెల్లో అందరూ వాడిన షేర్‌ఇట్, జెండర్ యాప్‌లు 2020 జూన్‌లో నిషేధానికి గురయ్యాయి గాని, దానికి కారణం కాపీరైటు కాదు, దేశ భద్రత.

వెయ్యి పాటలు, పదివేల రూపాయల నష్టం?

నాలుగు జీబీల కార్డులో దాదాపు వెయ్యి పాటలు పడతాయి. పాట పది రూపాయలనుకుంటే ఆ కార్డు వల్ల పరిశ్రమ పదివేలు కోల్పోయిందని ఒక లెక్క. ఆదోనిలో కూలికి పోయే కుర్రవాడి దగ్గర పాటలకు పెట్టడానికి పదివేలు ఎన్నడూ లేవు గనుక నష్టం సున్నా అని ఇంకో లెక్క. రెండూ చివరి కొసలే. కార్డు లేకపోతే అతను ఏడాదికి రెండు మూడు కేసెట్లో సీడీలో కొనేవాడేమో. కోల్పోయినది ఆ రెండు మూడింటి ధర.

పండితుల వివాదమూ దీని చుట్టూనే నడిచింది. ఒబర్‌హోల్జర్ గీ, స్ట్రంఫ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2007లో, దించుకోవడం వల్ల అమ్మకాలపై పడిన ప్రభావం గణాంకాల్లో సున్నాకు భిన్నంగా కనబడటం లేదన్నారు. స్టాన్ లీబోవిట్జ్ అనే మరో ఆర్థికవేత్త వారి పద్ధతినే తప్పుపట్టి, అమ్మకాల పతనానికి ప్రధాన కారణం ఇదేనన్నారు. తరువాత వచ్చిన అధ్యయనాల్లో ఎక్కువ భాగం నష్టం కొంత నిజమేనని ఒప్పుకున్నాయి, ఎంతన్న దగ్గరే తేడా పడ్డాయి. ప్రపంచ రికార్డింగు ఆదాయం 1999 నుంచి 2014 దాకా దిగుతూ వచ్చిన మాట మాత్రం వివాదం లేనిది.

మన దగ్గర ఒక అదనపు సంగతి ఉంది. ఉచితంగా పంచుకోవడం ఇంటర్నెట్‌తో మొదలు కాలేదు. ఖాళీ కేసెట్టు, కావలసిన పాటల చీటీ ఇస్తే సాయంత్రానికి రికార్డు చేసి ఇచ్చే అంగళ్లు ఊరూరా ఉండేవి. చీటీలో పన్నెండు పాటలే పట్టేవి, కేసెట్టు నుంచి కేసెట్టుకు నాణ్యత తగ్గేది. డిజిటల్ కాపీలో వందోది కూడా మొదటిదానిలాగే ఉంటుంది. అలవాటు పాతదే, అడ్డుకట్ట మాత్రం పోయింది.

కవికి దక్కింది ఎంత

"నేను కొన్నా డబ్బు పాట రాసినాయనకు పోదు కదా" అన్న సమర్థనను తేలికగా తోసిపుచ్చలేం. సినిమా కోసం డబ్బిచ్చి రాయించుకున్న పాటకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి యజమాని నిర్మాతేనని 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు నీడలో గీత రచయితలూ సంగీత దర్శకులూ దశాబ్దాల పాటు ఒక్కసారి ఇచ్చే పారితోషికంతో సరిపెట్టుకున్నారు. హిందీ గీత రచయిత జావేద్ అఖ్తర్ వంటివారు రాజ్యసభలోనూ బయటా పోరాడాక 2012 సవరణ వచ్చింది. థియేటరులో సినిమా ప్రదర్శన తప్ప మిగిలిన వినియోగాల్లో రాయల్టీకి సమాన వాటా కోరే హక్కును రాసినవారూ స్వరపరచినవారూ ఇకపై తమ వారసులకో కాపీరైటు సంఘానికో తప్ప ఎవరికీ రాసివ్వలేరు. నాప్‌స్టర్ రోజుల్లో ఈ సమర్థనకున్న బలం ఇప్పుడు చాలామటుకు తగ్గింది. పాత అలవాటు పాత సమర్థనతోనే కొనసాగుతోంది.

నెలవారీ చందా వచ్చాక

పాటలు దించుకోవడాన్ని కోర్టుల కన్నా ఎక్కువగా తగ్గించింది చవక డేటా, ఫైలు దించి దాచుకోనక్కరలేకుండా నెట్‌లోనే పాట వినిపించే స్ట్రీమింగ్. 2008లో మొదలై 2019లో మన దేశానికి వచ్చిన స్పాటిఫై అనే పాటల యాప్, తొలి ఏళ్లలో తన పాటలను పీర్ టు పీర్ పద్ధతిలోనే పంపేది. 2014లో దాన్ని మానేసింది. దాని స్థాపకుల్లో ఒకరైన డేనియల్ ఎక్ అంతకు ముందు కొంతకాలం టొరెంట్ సాఫ్ట్‌వేరు సంస్థ మ్యూటొరెంట్‌ను నడిపాడు.

చందాలోనూ చిక్కు లేకపోలేదు. ఇద్దరే చందాదారులనుకుందాం, చెరి వంద రూపాయలు, యాప్ వాటా పోగా హక్కుదారులకు 140 మిగిలింది. ఒకరు చెక్కభజన పాటలు 50 సార్లు విన్నారు, మరొకరు సినిమా పాటలు 950 సార్లు. మొత్తం వినికిడి వెయ్యిలో చెక్కభజన వాటా ఇరవయ్యో వంతు కనుక ఆ బృందానికి వచ్చేది 7 రూపాయలు. దాన్ని మాత్రమే విన్న మనిషి చందా నుంచి వచ్చింది 70 అయినా సరే. ఎవరి చందా వారు విన్నవారికే వెళ్లాలన్న వాదన అందుకే పుట్టింది; దానికి ఎదురుగా, ఎక్కువ మంది వింటున్నవారికి ఎక్కువ రావడం సహజమేనన్న వాదనా ఉంది.

పాట ఎవరిదీ కానప్పుడు

జమ్మలమడుగు వైపు ఒక చెక్కభజన బృందం జాతరలో పాడిందనుకుందాం. పాట తరతరాలుగా వస్తున్నది, కర్త తెలియదు, కాపీరైటు లేదు. ఒక యువకుడు ఫోనులో రికార్డు చేసి పంచాడు. ప్రొద్దుటూరు అంగళ్లలో అది కార్డుల్లోకి ఎక్కింది. బృందం సొంతంగా చేయించుకున్న సీడీలు అమ్ముడుపోలేదు, కానీ పక్క మండలాల నుంచి భజనలకు పిలుపులు పెరిగాయి. లాభమో నష్టమో బృందంలోనే అభిప్రాయాలు చీలవచ్చు: సీడీకి డబ్బు పెట్టిన గురువు ఒక మాట అంటాడు, రాత్రికింతని తీసుకునే కుర్రవాళ్లు ఇంకో మాట అంటారు.

చట్టం మాత్రం వారికి ఒక హక్కు ఇచ్చింది. పాట ఎవరిదీ కాకపోయినా ఆ రాత్రి పాడిన ప్రదర్శన వారిదే. అనుమతి లేకుండా రికార్డు చేయడాన్నీ, ప్రజలకు అందుబాటులో ఉంచడాన్నీ 50 ఏళ్ల పాటు వారు అడ్డుకోవచ్చు. సెక్షన్ 62 ప్రకారం, హక్కుదారు తానున్న చోటి జిల్లా కోర్టులోనే దావా వేసుకోవచ్చు గనుక, పాటను ఎక్కించినవాడు చెన్నైలో ఉన్నా బృందం కడప దాటి పోనక్కరలేదు. అయితే దావాలో ప్రతివాది పేరు రాయాలి. కార్డు నింపిన అంగడికి పేరుంది, చిరునామా ఉంది. టొరెంట్‌లో దాన్ని ముక్కలుగా అందించినవారికి ఉన్నవి ఐపీ అడ్రసులు, అంటే ఇంటర్నెట్ కనెక్షన్‌ను గుర్తించే అంకెలు, మాత్రమే; ఒక మొబైల్ కంపెనీ ఐపీ అడ్రసు వెనక ఒకే సమయంలో అనేకమంది చందాదారులు ఉంటారు.